తేలుడు ఫోమ్ (చిన్న తెరచాప పడవలు)

తేలుడు ఫోమ్ అనగా చిన్న పడవ నీటితో నిండినప్పటికీ, పక్కకు ఒరిగి బోర్లాపడినప్పటికీ పూర్తిగా మునిగిపోకుండా నిలిపి ఉంచేందుకు దాని పక్కలలోను, ఆసనాల క్రింద, ముందు వెనుక భాగాలలోను అమర్చే తేలికపాటి ప్లాస్టిక్ నురుగు దిమ్మెలు. సాధారణంగా థర్మోకోల్, పాలీయురేథేన్, పాలీఎథిలీన్ నురుగులను ఇందుకు వాడుతారు. వీటి పని పడవను తేల్చడం అని చాలామంది అనుకొంటారు. అది పూర్తిగా సరియైనది కాదు. లోపల నీరు లేనంతవరకు పడవ తన ఆకారం వల్లనే తేలుతుంది. అప్పుడు ఈ ఫోమ్ కొద్దిపాటి అదనపు బరువు తప్ప మరేమీ కాదు. పడవలోనికి నీరు చేరిన క్షణం నుండి మాత్రమే దీని ఉపయోగం మొదలవుతుంది.

హైదరాబాదు నగరంలో తెరచాప పడవల పోటీలు హుస్సేన్ సాగర్‌లో జరుగుతాయి. నగరపు తూర్పు వైపున ఉన్న దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల వారికి ఇది సుమారు పది, పదిహేను కిలోమీటర్ల దూరం. ఆ ప్రాంతంలో విద్యార్థుల వసతి గృహాలు, శిక్షణా సంస్థలు ఎక్కువ. తొమ్మిదవ తరగతి భౌతిక శాస్త్రంలో చదివే ఆర్కిమెడిస్ సూత్రం నిజ జీవితంలో ప్రాణాలను కాపాడే తీరుకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

పాత పద్ధతులు

తేలిక వస్తువును కట్టుకొని నీటిలో తేలడం మన ప్రాంతంలో కొత్త కాదు. తెలుగులో "బెండు" అనే మాట ఉండనే ఉన్నది. చేపల గాలానికి కట్టేది బెండు. పెళ్ళి బాసికాలకు, పూల అలంకరణలకు వాడేది జీలుగు బెండు. పల్లెలలో బావులలో ఈత నేర్చుకొనే పిల్లల నడుముకు ఎండిన సొరబుర్రను గాని, మూత బిగించిన ఖాళీ డబ్బాను గాని కట్టేవారు. అలంకరణలో జీలుగు బెండు స్థానాన్ని థర్మోకోల్ ఆక్రమించినట్లే, పడవలలో పాత బెండు స్థానాన్ని ప్లాస్టిక్ నురుగు ఆక్రమించింది.

ఐరోపాలో మునగని పడవ కొరకు చేసిన తొలి ప్రయత్నాలలో ప్రసిద్ధమైనది లయొనెల్ లూకిన్ అనే లండను బండ్ల తయారీదారునిది. ఆయన 1785లో బెండును, గాలి చొరని గదులను వాడిన పడవకు పేటెంటు పొందాడు. తరువాత కొద్ది సంవత్సరాలకే హెన్రీ గ్రేట్‌హెడ్ నిర్మించిన "ఒరిజినల్" అనే రక్షణ పడవలో సుమారు 350 కిలోల బెండును వాడారు. బెండు సాంద్రత ఘనపు మీటరుకు 200 కిలోలకు పైగా ఉంటుంది కాబట్టి ఆ పడవలు బరువైనవి.

ప్లాస్టిక్ నురుగుల రాకతో పరిస్థితి మారింది. జర్మనీలో ఒట్టో బేయర్, ఆయన సహచరులు 1937లో పాలీయురేథేన్ రసాయనాన్ని కనుగొన్నారు. అమెరికాలో డౌ కంపెనీ తయారు చేసిన పాలీస్టైరీన్ నురుగును అక్కడి తీర రక్షక దళం 1942లో ఆరుగురు పట్టే రక్షణ తెప్ప కొరకు స్వీకరించింది. మనం థర్మోకోల్ అని పిలిచే పూసల నురుగు మాత్రం 1950 ప్రాంతంలో జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థలో రూపొందినది. 1958లో వచ్చిన బోస్టన్ వేలర్ అనే అమెరికా మోటారు పడవ ఈ విషయాన్ని సామాన్య ప్రజలలోనికి తీసికొని వెళ్ళింది. దాని తయారీదారుడైన డిక్ ఫిషర్ పడవలో కూర్చొని ఉండగానే దానిని రంపంతో రెండు ముక్కలుగా కోయించాడు. ఆయన కూర్చున్న సగం తేలుతూనే ఉన్నది. 1961లో లైఫ్ పత్రికలో వచ్చిన ఆ ఫోటోలు వేయి ప్రకటనల పెట్టు.

సూత్రం

నీటిలో మునిగిన వస్తువు తాను తొలగించిన నీటి బరువుకు సమానమైన ఉత్ప్లవన బలాన్ని పైవైపుకు పొందుతుంది. ఖాళీ పడవ పెద్ద గిన్నె వంటిది. గిన్నె లోపలి ఖాళీ భాగం కూడా నీటిని తొలగిస్తున్నది కాబట్టి ఇనుముతో చేసినా అది తేలుతుంది. ఒకసారి లోపలికి నీరు చేరితే ఆ ఖాళీ భాగం లెక్కలోనికి రాదు. అప్పుడు పడవను చేసిన పదార్థం స్వయంగా ఎంత నీటిని తొలగిస్తుందన్నదే మిగిలే లెక్క. కలప నీటికంటె తేలిక కాబట్టి కర్ర పడవ నీరు నిండినా అంచుల వరకు మునిగి నిలుస్తుంది. ఫైబరు గ్లాసు నీటికంటె ఒకటిన్నర రెట్లు, అల్యూమినియం 2.7 రెట్లు, ఉక్కు 7.8 రెట్లు బరువైనవి. ఇవి అడుగుకు చేరుతాయి.

పూర్వం మన నదులలో నడిచిన కర్ర పడవలలో ఫోమ్ లేకపోయినా బోల్తాపడిన తరువాత పట్టుకొని వేలాడడానికి పడవ మిగిలేది. తేలికైన, చీడపట్టని ఫైబరు గ్లాసు పడవలు వచ్చిన తరువాత ఆ సహజ రక్షణ పోయింది. ఫోమ్ అవసరం పుట్టింది అక్కడే.

ఎంత ఫోమ్ కావాలి

ఒక లీటరు నీరు బరువు ఒక కిలో. ఘనపు మీటరుకు 30 కిలోల సాంద్రత గల ఫోమ్ ఒక లీటరు కేవలం 30 గ్రాములుంటుంది. కనుక ఒక లీటరు ఫోమ్ నీటిలో పూర్తిగా మునిగి ఉన్నప్పుడు 970 గ్రాముల బరువును మోయగలదు. లెక్క సులభంగా ఉండేందుకు లీటరుకు కిలో అనుకొన్నా పెద్ద తేడా రాదు.

ఉదాహరణకు ముగ్గురు కూర్చొనే ఒక ఫైబరు తెరచాప పడవను తీసుకొందాం. దాని గుల్ల బరువు 120 కిలోలు, అల్యూమినియం తెరకొయ్య 15 కిలోలు, లంగరు తదితర ఇనుప సామాను 10 కిలోలు అనుకొందాం. గుల్ల మునిగినప్పుడు తన బరువులో మూడింట రెండు వంతులు నీటికే అప్పగిస్తుంది; ఫోమ్ మోయవలసినది 40 కిలోలు మాత్రమే. తెరకొయ్యకు సుమారు 9.5 కిలోలు, ఇనుప సామానుకు 8.7 కిలోలు. మొత్తం సుమారు 58 కిలోలు. ఒక్కొక్కరు 60 కిలోల చొప్పున ముగ్గురు మనుషులు నీరు నిండిన పడవలో నడుము లోతున కూర్చుంటే వారి బరువులో దాదాపు సగం, అనగా 90 కిలోలు, పడవపై పడుతుంది. రెండూ కలిపితే 148 కిలోలు. కాలక్రమంలో ఫోమ్ పీల్చుకొనే నీటిని, లెక్కకు రాని సామానును దృష్టిలో ఉంచుకొని నాలుగవ వంతు అదనంగా చేర్చితే 185 కిలోలు. దానిని 0.97తో భాగిస్తే సుమారు 191 లీటర్ల ఫోమ్ కావాలి. బజారులో దొరికే థర్మోకోల్ పలకల లెక్కలో చెప్పాలంటే, ఒక మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, 5 సెంటీమీటర్ల మందం గల పలక ఒకటి 25 లీటర్లు. అటువంటివి ఎనిమిది సరిపోతాయి.

మనుషులు పడవలో కూర్చొనకుండా దాని అంచును పట్టుకొని మెడ వరకు నీటిలో ఉంటే లెక్క ఇంకా తగ్గుతుంది. తల మాత్రమే నీటిపై ఉన్న మనిషికి ఐదారు కిలోల ఆసరా చాలు. తెరచాప పడవల క్రీడాకారులు ధరించే 50 న్యూటన్ల తేలుడు జాకెట్టులో దాదాపు ఐదు లీటర్ల ఫోమ్ మాత్రమే ఉండడానికి కారణం ఇదే. స్పృహ తప్పినవారి ముఖాన్ని కూడా నీటిపైకి త్రిప్పి ఉంచవలసిన జాకెట్లకు ఎక్కువ బలం అవసరం. సముద్రపు నీటి సాంద్రత రెండున్నర శాతం ఎక్కువ కాబట్టి అక్కడ కొద్దిగా లాభం ఉంటుంది. చెరువులకు లెక్క వేసేవారు ఆ లాభాన్ని కలుపుకోరాదు.

ఫోమ్ రకాలు

అన్నిటికంటె ముందు తెలుసుకోవలసినది తెరిచిన గదుల ఫోమ్‌కు, మూసిన గదుల ఫోమ్‌కు ఉన్న భేదం. దిల్‌సుఖ్‌నగర్‌లోని పరుపుల దుకాణాలలో అమ్మే మెత్తని ఫోమ్ తెరిచిన గదులది. దాని రంధ్రాలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. అది స్పాంజి వలె నీటిని త్రాగుతుంది. పడవకు అది పనికిరాకపోవడమే కాక అపాయకరం కూడా. పడవకు కావలసినది ప్రతి గది విడివిడిగా మూసి ఉన్న ఫోమ్.

వీటిలో అతి చౌకగా, అన్ని చోట్ల దొరికేది థర్మోకోల్. ఘనపు మీటరుకు 15 నుండి 30 కిలోలు. పూసల మధ్య సందులలోనికి కొద్దికొద్దిగా నీరు చేరుతుంది, ఎండకు పసుపు బారి పిండిగా రాలుతుంది, ఎలుకలు కొరుకుతాయి. దీని పెద్ద బలహీనత పెట్రోలు. పెట్రోలు తగిలితే థర్మోకోల్ కరిగి జిగురు ముద్దగా మారుతుంది. ఫైబరు గ్లాసు పనిలో వాడే పాలియస్టర్ రెజిన్‌లో స్టైరీన్ ఉండడం వల్ల అది కూడా థర్మోకోల్‌ను తినివేస్తుంది. పడవ లోపల థర్మోకోల్ దిమ్మెను పెట్టి పైన నేరుగా పాలియస్టర్ పూతవేస్తే, బయటికి చక్కని దిమ్మె కనిపిస్తుంది, లోపల గుహ ఏర్పడుతుంది. ఎపాక్సీ రెజిన్‌తో ఈ ఇబ్బంది లేదు. లేదా దిమ్మెను ముందుగా మందపాటి పాలిథీన్‌లో చుట్టాలి. పూసలు లేకుండా ఒకే ముద్దగా పోతపోసిన పాలీస్టైరీన్ పలకలు నీటిని తక్కువగా పీలుస్తాయి కాని పెట్రోలు విషయంలో వాటిదీ అదే కథ.

రెండవది పాలీయురేథేన్. రెండు ద్రవాలను కలిపి పోస్తే కొద్ది నిమిషాలలో పొంగి, దొరికిన ప్రతి మూలను నింపి గట్టిపడుతుంది. పెట్రోలుకు తట్టుకొంటుంది. సాంద్రత 32 కిలోల ప్రాంతం. పోయడం సులభం కాబట్టి పడవల కర్మాగారాలకు ఇది ఇష్టం. అయితే ఒకేసారి ఎక్కువ పోస్తే పొంగే ఒత్తిడికి పడవ గుల్ల ఉబ్బిపోవచ్చు, లోపల వేడికి మాడిపోవచ్చు. ద్రవాలలో ఒకటి ఐసోసయనేటు. దాని ఆవిరి ఊపిరితిత్తులకు హానికరం. మూసిన గదిలో, ముసుగు లేకుండా చేయవలసిన పని కాదు.

మూడవది పాలీఎథిలీన్ ఫోమ్. టీవీలు, ఫ్రిజ్‌లు ప్యాకింగు చేసే తెల్లని, వంగే ఫోమ్ ఈ జాతిదే. నీటిని దాదాపు పీల్చదు, పెట్రోలుకు కరగదు, దెబ్బకు విరగదు. ఖరీదు ఎక్కువ, జిగురు సరిగా అంటుకోదు కాబట్టి పట్టీలతో కట్టవలసి ఉంటుంది. ఎక్కువ తేలుడు జాకెట్లలో ఉండేది ఇదే. ఇక పి.వి.సి. ఫోమ్ అనేది వేరే పనికి వాడే గట్టి ఫోమ్. రెండు ఫైబరు పొరల మధ్య దీనిని బిగించి తేలికైన, బలమైన పలకలను తయారు చేస్తారు. తేలుడు ఇక్కడ అదనపు లాభం.

ఎక్కడ అమర్చాలి

ఎంత ఫోమ్ ఉన్నదన్న దానికంటె ఎక్కడ ఉన్నదన్నదే ముఖ్యం. పడవ అడుగున ఖాళీ ఉన్నది కదా అని ఫోమ్ అంతా అక్కడే నింపితే పడవ మునగదు, కాని తలక్రిందులవుతుంది. తేలే వస్తువు పైకి రావాలని, బరువు క్రిందికి పోవాలని చూస్తాయి కాబట్టి, నీరు నిండిన పడవలో అడుగున ఉన్న ఫోమ్ పైకి వచ్చే వరకు పడవ తిరుగుతూనే ఉంటుంది. నున్నని, పట్టుదొరకని పడవ అడుగు భాగాన్ని పట్టుకొని మనుషులు ఎంతో సేపు నిలువలేరు.

అందువల్ల ఫోమ్‌లో ఎక్కువ భాగాన్ని పడవ పక్కల అంచుల దగ్గర, పైభాగాన, రెండు వైపులా సమంగా అమర్చుతారు. రెండు దిమ్మెల మధ్య దూరం ఎంత ఎక్కువ ఉంటే నీరు నిండిన పడవ అంత నిలకడగా ఉంటుంది. ముక్కు దగ్గర కొంత, వెనుక కొంత ఉండాలి. ఒక చివరనే ఉంటే పడవ నిలువుగా నిలబడి చివరి కొన మాత్రమే నీటిపై కనిపిస్తుంది. దిమ్మెలను గట్టిగా బిగించాలి. 100 లీటర్ల దిమ్మె నీటిలో దాదాపు వంద కిలోల బలంతో పైకి లాగుతుంది. రెండు మేకులు, ఒక ప్లాస్టిక్ తాడు ఆ బలానికి ఆగవు. దిమ్మె ఒక దారి, పడవ ఒక దారి అవుతాయి.

ఇంటివద్ద చేయదగిన ప్రయోగం

హోటళ్ళలో కూరలు కట్టి ఇచ్చే అల్యూమినియం రేకు పెట్టెలు రెండు తీసుకోవాలి. ప్యాకింగులో వచ్చిన థర్మోకోల్ ముక్క నుండి 10 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. వెడల్పు, 2 సెం.మీ. మందం గల ముక్కను కోసి మొదటి పెట్టె అడుగున టేపుతో అతికించి, దాని పైన నాలుగు నాణేలను అతికించాలి. అదే కొలతల మరొక ముక్కను పొడవుగా రెండుగా చీల్చి రెండవ పెట్టె లోపలి అంచుల వెంబడి ఎదురెదురుగా అతికించి, నాణేలను అడుగున అతికించాలి. రెండు పెట్టెలను బకెట్టు నీటిలో వదిలి వాటిని మెల్లగా నీటితో నింపాలి. రెండింటిలోను ఫోమ్ అంతే, బరువు అంతే. నీరు అంచు దాటిన తరువాత మొదటిది చిన్న తాకిడికే తిరగబడుతుంది. రెండవది నీరు నిండి కూడా నిటారుగా నిలుస్తుంది. థర్మోకోల్ కోసేటప్పుడు రాలిన పూసలను నీటిలోనికి పోనీయకుండా ఏరివేయడం మంచిది.

తెరచాప పడవల ప్రత్యేకత

మోటారు పడవ బోల్తాపడడం ప్రమాదం. చిన్న తెరచాప పడవకు అది రోజువారీ వ్యవహారం. నేర్చుకొనే పిల్లలకు మొదటి వారంలోనే పడవను కావాలని పడవేసి తిరిగి లేపడం నేర్పుతారు. కాబట్టి ఇక్కడ ఫోమ్ పని పడవను తేల్చి ఉంచడంతో ముగియదు. పడవ ఎలా పడుతుంది, ఎంత త్వరగా లేస్తుంది, లేచిన తరువాత లోపల ఎంత నీరు మిగులుతుంది అన్నవి కూడా దానిపైనే ఆధారపడి ఉంటాయి.

పక్కలలో ఫోమ్ లేదా గాలి ఎక్కువగా ఉంటే, పక్కకు పడిన పడవ నీటిపై ఎత్తుగా తేలుతుంది. లేపినప్పుడు లోపల నీరు తక్కువగా ఉంటుంది. ఇది లాభం. కాని ఎత్తుగా తేలే పడవకు గాలి తగిలి అది ఈతగాని కంటె వేగంగా కొట్టుకొనిపోవచ్చు. పడవ నడుమ నుండి క్రిందికి దిగే సెంటర్‌బోర్డు చిన్న పిల్లలకు అందనంత ఎత్తులో ఉండవచ్చు. దానిపై నిలబడితేనే పడవ లేస్తుంది. పైగా అటువంటి పడవ పక్కకు పడి ఆగక పూర్తిగా తలక్రిందులయ్యే అవకాశం ఎక్కువ. కనుక పక్క ఫోమ్ విషయంలో ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిదన్న లెక్క చెల్లదు.

పూర్తిగా తలక్రిందులు కావడాన్ని ఆపడానికి కొన్ని పడవలలో తెరకొయ్య కొనకు చిన్న ఫోమ్ బంతిని లేదా తెర పైమూలకు ఫోమ్ పలకను కడతారు. ఐదు మీటర్ల ఎత్తున ఉన్న ఐదు లీటర్ల ఫోమ్ కూడా మీటకోల సూత్రం వల్ల పెద్ద పని చేస్తుంది. లోతు తక్కువగా, అడుగున బురద ఎక్కువగా ఉన్న మన చెరువులలో దీనికి విలువ ఎక్కువ. తలక్రిందులైన పడవ తెరకొయ్య బురదలో దిగబడితే దానిని లేపడం ఇద్దరు ముగ్గురి వల్ల కాదు, కొయ్య వంగిపోతుంది కూడా.

అడుగున సీసం లేదా ఇనుప బరువు గల పెద్ద తెరచాప పడవలకు ఫోమ్ చాలా ఎక్కువ కావాలి కాబట్టి ఎక్కువమంది తయారీదారులు ఆ ఆలోచన చేయరు. బెల్జియంలోని ఎటాప్ సంస్థ రెండు గుల్లల మధ్య ఫోమ్ నింపి మునగని పడవలను నిర్మించింది. అమెరికాలో మెక్‌గ్రెగర్ 26 అనే పడవలో బరువు కొరకు నీటినే వాడి, తేలుడుకు ఫోమ్ అమర్చారు. నీటిలో నీటికి బరువు ఉండదు గనుక ఈ ఉపాయం వల్ల ఫోమ్ ఆదా అవుతుంది.

హైదరాబాదులో

హుస్సేన్ సాగర్‌లో సికింద్రాబాదుకు చెందిన ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్ ఎంతో కాలంగా పడవ పోటీలను నిర్వహిస్తున్నది. వర్షాకాలపు గాలులలో జరిగే హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌లో లేజర్ తరగతి పడవలది ప్రధాన స్థానం. సంజీవయ్య పార్కు వైపున ఉన్న యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పిల్లలకు ఆప్టిమిస్ట్ పడవలపై శిక్షణనిస్తూ, మాన్సూన్ రెగట్టా పేరుతో పోటీలు జరుపుతున్నది. పేద కుటుంబాల పిల్లలు ఈ క్రీడలోనికి రావడంలో ఈ క్లబ్బు పాత్ర గమనించదగినది.

ఈ రెండు పడవలు మునగకుండా ఉండే తీరు వేర్వేరు. ఆప్టిమిస్ట్‌ను 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ రూపొందించాడు. రెండున్నర మీటర్ల లోపు పొడవు, 35 కిలోల బరువు గల తొట్టి వంటి పడవ ఇది. ఇందులో తేలుడుకు ఫోమ్ దిమ్మెలకు బదులు గాలి సంచులు మూడు ఉంటాయి. రెండు పక్కల రెండు, వెనుక ఒకటి. సంచి తేలిక, పగిలినదీ లేనిదీ చేతితో నొక్కి తెలుసుకోవచ్చు. కాని మూత సరిగా బిగించకపోతే, పట్టీ తెగితే, ఎండకు కుట్టు విడిపోతే ఒక్కసారిగా విఫలమవుతుంది. ఫోమ్‌కు చిల్లు పడినా ఏమీ కాదు. హైదరాబాదు ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే వేడిలో నిండుగా ఊదిన సంచులను ఆరుబయట వదలరాదు. లోపలి గాలి వ్యాకోచించి అతుకులు ఊడుతాయి.

లేజర్‌ను బ్రూస్ కర్బీ రూపొందించగా 1970 దశకం మొదటి నుండి తయారవుతున్నది. 1996లో ఒలింపిక్ క్రీడలలో ప్రవేశించింది. 2019 నుండి ఇల్కా అనే పేరుతో కూడా పిలువబడుతున్నది. 4.2 మీటర్ల పొడవు గల దీని గుల్ల, పైకప్పు కలిసి మూసిన పెట్టె వలె ఉంటాయి. పైకప్పులో పలుచని ఫోమ్ పొర ఉంటుంది. గుల్ల లోపల గాలితో నిండిన సంచులను అదనపు రక్షణగా ఉంచుతారు. గుల్లకు చీలిక వచ్చి నీరు చేరితే అప్పుడు మాత్రమే వాటి అవసరం.

హుస్సేన్ సాగర్ చరిత్రలో తేలుడుకు సంబంధించిన పెద్ద విషాదం ఒకటి ఉన్నది. 1990 మార్చిలో ఏకశిలా బుద్ధ విగ్రహాన్ని జిబ్రాల్టర్ రాతి వద్దకు తరలిస్తుండగా, దానిని మోస్తున్న బల్లకట్టు ఒరిగి విగ్రహం నీటిలో పడిపోయింది. పలువురు మరణించారు. విగ్రహాన్ని వెలికితీసి 1992 డిసెంబరులో ప్రతిష్ఠించారు. కొన్ని వందల టన్నుల రాయిని ఏ ఫోమూ ఆదుకోలేదు. అయినా ఎంత తేలుతుంది అన్న లెక్కకు, ఎంత నిలకడగా తేలుతుంది అన్న లెక్కకు భేదం ఉన్నదని అర్థం చేసుకోవడానికి ఆ సంఘటనను గుర్తుచేసుకోవలసి వస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌లకు దగ్గరి జలాశయం సరూర్‌నగర్ చెరువు. కుతుబ్‌షాహీల కాలం నాటి ఈ చెరువు ఒకప్పుడు పంటలకు నీరిచ్చింది. పట్టణం పెరిగిన కొద్దీ విస్తీర్ణం తగ్గింది. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన కుంభవృష్టికి చెరువు పరిసరాలలోని కాలనీలు నీట మునిగాయి. నగరంలో పలుచోట్ల ప్రజలను గాలి పడవలలో తరలించారు. ఇటువంటి సమయాలలో ఇళ్ళలోని థర్మోకోల్ పెట్టెలను, ఖాళీ డబ్బాలను కట్టి తెప్పలు చేయడం చూస్తుంటాము. తెలంగాణ చెరువులలో చేపలు పట్టేవారు కూడా థర్మోకోల్ ముక్కలను గోనెసంచిలో కుట్టి, దానిపై కూర్చొని చేతులతో తెడ్డువేస్తూ వల వేస్తారు. తేలుడుకు లోటు లేదు. ఎనభై లీటర్ల మూట ఒక మనిషిని మోస్తుంది. కాని దానికి అంచు లేదు, వెడల్పు లేదు. బరువు అంతా పైన ఉండడం వల్ల కొద్దిగా వంగితే బోర్లాపడుతుంది. తేలుడు జాకెట్టు లేకుండా దీనిపై లోతు నీటిలోనికి వెళ్ళడం ఎంతమాత్రమూ తగదు. వరద నీటిలో, ప్రవాహం ఉన్నచోట, అసలే పనికిరాదు.

తెలుగు తీరంలో

ఆంధ్ర తీరంలో జాలరుల తెప్ప అంటే తేలిక కలప దుంగలను తాళ్ళతో బిగించి కట్టినది. ఇది నిర్మాణంలోనే మునగనిది. దుంగల మధ్య నుండి నీరు వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి నీరు నిండడమన్న ప్రసక్తే లేదు. అలలను చీల్చుకొని తెరచాపతో వెళ్ళి ఇసుకపైకి తిరిగి చేరగల ఈ నిర్మాణం వెనుక తరాల అనుభవం ఉన్నది. మంచి దుంగలు దొరకడం కష్టమైన తరువాత ఫైబరు తెప్పలు, ఫైబరు పడవలు వచ్చాయి. దుంగలో ఉన్న సహజమైన తేలుడును ఫైబరు పడవలో ఫోమ్ రూపంలో తిరిగి చేర్చవలసి వచ్చింది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా ప్రారంభించిన బంగాళాఖాత కార్యక్రమం తీరపు ఇసుకపై దిగగల కొత్త రకం పడవలను రూపొందించింది. అలలు విరిగే చోట పడవలోనికి నీరు రావడం ఖాయమని భావించి వాటికి మూసిన పైతట్టును, లోపల ఫోమ్‌ను ఏర్పాటు చేశారు.

నీరు పట్టిన ఫోమ్

మూసిన గదుల ఫోమ్ కూడా శాశ్వతం కాదు. గుల్లలో పోసిన పాలీయురేథేన్ సంవత్సరాల తరబడి నిలువ నీటిలో నానితే గదుల గోడలు క్రమంగా విరిగి నీరు చేరుతుంది. 200 లీటర్ల ఫోమ్ తన ఘనపరిమాణంలో పదవ వంతు నీటిని పీల్చుకొంటే 20 కిలోల తేలుడు పోతుంది. పడవ అంత బరువెక్కుతుంది కూడా. బయటికి ఏమీ కనిపించదు. పడవ మునుపటికంటె కొద్దిగా లోతుగా తేలుతున్నదని, తెరకు వేగంగా స్పందించడం లేదని మాత్రమే తెలుస్తుంది.

దీనిని కనిపెట్టడానికి తిరుగులేని పద్ధతి తూకమే. పడవ కొన్ననాటి బరువును వ్రాసి ఉంచుకొని ఏటా ఒకసారి తూచాలి. తేడా వస్తే ఎక్కడో నీరు ఉన్నది. అనుమానం ఉన్నచోట చిన్న రంధ్రం చేసి ఫోమ్ ముక్కను తీసి పిండి చూడవచ్చు. తడిసిన పాలీయురేథేన్‌ను ఆరబెట్టడం దాదాపు అసాధ్యం, త్రవ్వి తీసివేయవలసినదే. ఈ కారణంగా, పోసే ఫోమ్ కంటె, బయటికి తీసి చూడగలిగేలా పట్టీలతో బిగించిన దిమ్మెలే చెరువులలో నడిచే చిన్న పడవలకు మేలు. ఫోమ్ ఉన్న గదికి నీరు పోయే రంధ్రం, గాలి తగిలే మూత ఉండాలి. వాడని రోజులలో పడవను బోర్లించి ఉంచాలి.

పడవలో మిగిలిన చిన్న సందులలో మూత బిగించిన ఖాళీ నీళ్ళ సీసాలను నింపడం పేదవారి పద్ధతి అని కొందరు తేలికగా మాట్లాడుతారు. లీటరు సీసా దాదాపు కిలో బరువును మోస్తుంది. రెండు వందల సీసాలలో పది పగిలినా మిగిలినవి పనిచేస్తాయి. వలలో బిగించి కట్టినంతవరకు ఇది తప్పుపట్టవలసిన పద్ధతి కాదు.

నిబంధనలు, ప్రమాదాలు

అమెరికాలో 20 అడుగుల లోపు మోటారు పడవలు నీరు నిండినా మనుషులతో సహా తేలాలన్న నిబంధనలు 1970 దశకంలో వచ్చాయి. ఆశ్చర్యకరంగా తెరచాప పడవలకు వాటి నుండి మినహాయింపు ఉన్నది. ఐరోపాలో ఆరు మీటర్ల లోపు పడవల నిలకడను, తేలుడును పరీక్షించే ప్రమాణం తెరచాప పడవలకు కూడా వర్తిస్తుంది. భారతదేశంలో 1917 నాటి అంతర్గత జల నౌకల చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చింది.

కృష్ణా, గోదావరులలో జరిగిన ప్రమాదాలు తెలుగువారు మరచిపోలేనివి. 2017 నవంబరు 12న విజయవాడ సమీపంలో పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో పర్యాటక పడవ మునిగి సుమారు 50 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో తెలంగాణ నుండి వెళ్ళినవారు అనేకులు. ఆ పడవను అక్టోబరు 22న ధర్మాడి సత్యం బృందం ఒడ్డుకు చేర్చింది. ఇవి తెరచాప పడవలు కావు, చిన్నవీ కావు. పైకప్పు గల పెద్ద పడవ వేగంగా తిరగబడినప్పుడు లోపలివారు చిక్కుకొనిపోతారు. అక్కడ ఫోమ్ పాత్ర పరిమితం. ప్రయాణీకుల సంఖ్య, వరద ఉధృతి, ఒంటిమీద ఉన్న జాకెట్టు అక్కడ నిర్ణయాత్మకమైనవి. చిన్న పడవలో మాత్రం ఫోమ్ ఉన్నదని తెలిసినవారు ఒక నియమం పాటించాలి: పడవను వదలి ఒడ్డుకు ఈదరాదు. నీటిపై ఒడ్డు ఉన్నదానికంటె దగ్గరగా కనిపిస్తుంది. వెదకేవారికి ఒంటరి తల కంటె తేలుతున్న పడవ దూరం నుండి కనిపిస్తుంది.

చెరువులు, థర్మోకోల్

మునగకపోవడం అనే గుణమే చెరువుల పాలిట శాపం కూడా. వినాయక నిమజ్జనం తరువాత సరూర్‌నగర్ చెరువులోను, హుస్సేన్ సాగర్‌లోను తేలే అలంకరణ థర్మోకోల్ విరిగి పూసలుగా మారి గుర్రపుడెక్కలో చిక్కుకొంటుంది. అది కుళ్ళదు. చేపలు, పక్షులు ఆహారమనుకొని మింగుతాయి. అలంకరణకు వాడే థర్మోకోల్‌ను భారత ప్రభుత్వం 2022 జూలై 1 నుండి నిషేధించింది. పడవలకు, ప్యాకింగుకు వాడేది ఆ నిషేధంలో లేదు. పడవలలో థర్మోకోల్ వాడేవారు దానిని గుడ్డ లేదా పాలిథీన్ తొడుగులో పూర్తిగా మూసి ఉంచడం వల్ల పూసలు రాలవు. దిమ్మెకు ఎండ తగలక ఆయుష్షు కూడా పెరుగుతుంది. పాతబడిన దిమ్మెలను గట్టున పడవేస్తే తరువాతి వానకు అవి చెరువులోనికే చేరుతాయి.